సూర్యలంక దిబ్బ మీద పంచాయితీ

తెనాలి

ఆదివారం తెల్లవారుజామున నాలుగుంపావుకు మా వీధి కుళాయికి నీళ్ళొచ్చాయి. వదిన రెండో బిందె పట్టుకుని లోపలికి వస్తుండగా నేను వసారాలో సైకిలుకు గాలి కొడుతున్నాను. ఆమె బిందె దించి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"కొండ లేదుగా?" అంది.

"లేదు వదినా. బాపట్ల వెళ్ళి సముద్రం చూసి రావడమే. దారంతా చదును."

"వంతెనలు పర్లేదు. కొండ మాత్రం వద్దు."

ఆమె ఎందుకు అడిగిందో చెప్పాలి. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా ఆ ఇంటివాళ్ళు కొండ ఎక్కకూడదంటారు మా వైపు. దేవుడున్న కొండ అని కొందరు, ఏ కొండైనా సరే అని కొందరు. మా నాన్న పోయిన ఏడాది అన్నయ్య ఈ పట్టింపును నవ్వి కొట్టిపారేశాడు. సైకిలు క్లబ్బు వాళ్ళతో గుంటూరు అవతల ఒక కొండకు వెళ్ళి, పైదాకా ఎక్కి వచ్చాడు. తరువాతి వానాకాలంలో టైఫాయిడ్ వచ్చి పోయాడు. ఈ రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. వదినకూ తెలుసనే అనుకుంటాను. అయినా ఆమె నన్ను అడిగింది ఈ ఒక్కటే, నేను మాట ఇచ్చాను. అప్పటికి ఏడాదిలో సగం గడిచింది.

అన్నయ్య సైకిలు వసారాలో ఊరికే పడి ఉంటే చూడలేక క్లబ్బు వాళ్ళే నన్ను రమ్మన్నారు. క్లబ్బంటే పెద్ద సంగతేమీ కాదు. అప్పటికి మిగిలింది నలుగురు, నాతో అయిదుగురం. సెక్రటరీ దేవదానం మాస్టారు మిషన్ స్కూల్లో డ్రిల్లు చెప్పేవారు. భారీ మనిషి, మెడలో ఎప్పుడూ ఈల ఉంటుంది. ఒకసారి ఊదితే బయల్దేరాలి, రెండుసార్లు ఊదితే ఆగాలి, మూడుసార్లు ఊదితే ఎక్కడివక్కడ వదిలేసి ఆయన దగ్గరికి పరుగెత్తాలి. శేషయ్య ప్లీడరు గుమాస్తా, తన ప్లీడరు కంటే ఎక్కువ వాదిస్తాడు. వీర్రాజుది సైకిలు షాపు. సుబ్బారావు తాలూకా ఆఫీసులో పని చేస్తాడు కానీ మనసంతా సొంత ఊరు రేపల్లెలోనే.

నిజానికి ఆ ఆదివారం రేపల్లె వెళ్ళాలనే అనుకున్నారు. సుబ్బారావు తన ఊరి గొప్పలు చెప్పుకోవడంతో అది చెడింది.

"మా పెనుమూడి కరకట్ట చూడాలండి మీరు. అమ్మో, ఎంతెత్తో! పైకెక్కితే కృష్ణ మొత్తం కాళ్ళ కిందుంటుంది. మాకు అదే కొండ!" అన్నాడు.

శేషయ్య వెంటనే చెయ్యెత్తాడు. "కొండని నువ్వే ఒప్పుకున్నావ్. అయితే ఈ అబ్బాయి రాకూడదు. రేపల్లె కాన్సిల్."

"అయ్యో, మాటవరసకన్నానండీ!"

"మాటవరస చెల్లదు. నోటితో అన్నావ్, నలుగురం విన్నాం."

అలా రేపల్లె పోయి బాపట్ల వచ్చింది. అన్నయ్యను ఆ కొండకు తీసుకువెళ్ళింది ఈ నలుగురే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. దారి మార్చారు, అంతే.

చుండూరు దాటాక

తెనాలి మనిషికి ఎత్తు అంటే ఏమిటో తెలియదు. మా సైకిళ్ళకు బ్రేకులు ఉండవు. ఉన్నా పని చెయ్యవు. ఆపాలంటే కాలు కింద ఆనిస్తాం. ఒక గుంటూరు ఆయన తన బండికి బ్రేకులు వెయ్యమని వీర్రాజు షాపుకు వస్తే, "ఎందుకండీ, ఎవర్నన్నా గుద్దాలనుకుంటున్నారా?" అని అడిగాడట. ఆ మాటకు అర్థమేమిటో ఆ గుంటూరాయనకూ తెలియలేదు, వీర్రాజుకూ తెలియదు.

చుండూరు దాటేసరికి వెలుగొచ్చింది. రెండు పక్కలా కోసేసిన చేలల్లో మినుము పచ్చగా ఉంది. ఎక్కడో కుప్ప నూరుస్తున్నారు, గడ్డి వాసన వస్తోంది. సుబ్బారావు రేపల్లె పోయిన కసి నా మీద తీర్చుకుంటున్నాడు. కాలవ మీద చిన్న వంతెన వచ్చినా సరే, "కొండొచ్చింది, తమ్ముడు దిగాలి!" అని అరుస్తాడు. వంతెనలకు వదిన అనుమతి ఉందని చెప్పాను.

"రాతపూర్వకంగా ఉందా?" అన్నాడు శేషయ్య.

"నోటిమాటే."

"చాలు. రేపల్లెని నోటిమాట మీదే కొట్టేశాం."

ఒక రైల్వే గేటు దగ్గర రోడ్డు కాస్త లేచి, పట్టాలు దాటి, కిందికి జారింది. మేము అయిదుగురం వరసగా కాళ్ళు నేల మీద రాస్తూ దిగాం. గేటు మనిషి పళ్ళు తోముకుంటూ చూసి, "ఏంటయ్యా, సైకిళ్ళకి నడక నేర్పుతున్నారా?" అన్నాడు. వీర్రాజుకు చెప్పు తెగింది. అక్కడినుంచి ఇల్లు చేరేదాకా ఆయన ఒంటి చెప్పుతోనే ఉన్నాడు. రెండోది పారెయ్యమంటే మాత్రం ఒప్పుకోలేదు.

నిడుబ్రోలు

ఆదివారం షికారుకు ఒక షరతు ఉండేది. దేవదానం మాస్టారు చర్చి ఆరాధన మానరు. కాబట్టి దారిలో ఎక్కడ గుడి ఉంటే అక్కడ ఆగాలి. నిడుబ్రోలు ఇవతల ఒక పల్లెలో లూథరన్ గుడి తలుపులు తెరిచి ఉన్నాయి. మాస్టారు ఈల రెండుసార్లు ఊది, సైకిలు గోడకు ఆనించి లోపలికి వెళ్ళారు. బయట నిలబడితే బాగుండదని మేమూ వెళ్ళి వెనక చాప మీద కూర్చున్నాం.

ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. చెప్పులు బయటే. ఆ మాటకొస్తే మా గుళ్ళకూ దానికీ పెద్ద తేడా కనపడలేదు, మావాళ్ళు ఇంత నిశ్శబ్దంగా కూర్చోరన్నది తప్ప. కానుకల వేళ ఆడవాళ్ళు కొంగుల్లోంచి పిడికెడేసి బియ్యం తీసి బుట్టలో పోశారు. రోజూ అన్నం వండేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీసిపెట్టి ఆదివారం తెస్తారని మాస్టారు తరువాత చెప్పారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టారు. అది కొండ ఎక్కిన ఒక ప్రవక్త గురించి. ఎక్కడం ఎంత అవసరమో చాలాసేపు చెప్పారు. శేషయ్య మోచేత్తో నన్ను పొడుస్తూనే ఉన్నాడు. నేను చాప పోగులు చూస్తూ కూర్చున్నాను.

బయటికి వచ్చాక ఒక పెద్దాయన మా దుమ్ము బట్టలు చూసి ఆదరంగా అడిగాడు. "ఏ సంఘమండి మీది?"

"సైకిలు సంఘమండి," అన్నాడు వీర్రాజు.

ఆయన కాసేపు ఆలోచించాడు. "కొత్తగా వచ్చిందాండి?"

"పాతదేనండి. జనం తగ్గిపోయారు."

"మా దగ్గరా అంతేనండి," అని ఆయన తల ఊపాడు. దేవదానం మాస్టారు ఒక మైలు దూరం వరకూ మాతో మాట్లాడలేదు. తరువాత నవ్వు ఆపుకోలేక సైకిలు ఆపారు.

నిడుబ్రోలులో టిఫిన్. తెనాలిలో ఇడ్లీ అడిగితే కారప్పొడి, నెయ్యి అడక్కుండానే పడతాయి. ఇక్కడ అడిగినా పడలేదు. "నెయ్యి ఇంట్లో తినండి సార్, ఇక్కడ పచ్చడి తినండి," అన్నాడు హోటలాయన. అల్లం పచ్చడి మాత్రం బాగుంది. అన్నయ్య పోయాక బయట కూర్చుని నలుగురితో కలిసి తినడం నాకు అదే మొదలు. సుబ్బారావు నా విస్తరిలో పచ్చడి కూడా తినేశాడు.

బాపట్ల

అప్పికట్ల దాటాక నేల రంగు మారుతుంది. నల్లమట్టి పోయి ఇసుక వస్తుంది. బాపట్ల చేరేసరికి ఎండ ముదిరింది. నీళ్ళు తాగుదామని ఒక తోట దగ్గర ఆగాం. మా వైపు నీళ్ళు కాలవలో వాటంతట అవే వస్తాయి, మేం చెయ్యవలసిందల్లా ఎవరి వంతు ఎప్పుడని తగువులాడుకోవడమే. ఇక్కడ ఇసుకలో పల్లంగా గుంట తవ్వి దాన్ని దొరువు అంటున్నారు. ఒక మనిషి రెండు కుండలు కావడికి తగిలించుకుని దొరువులోకి దిగి, నింపుకుని పైకి వచ్చి, వంగతోటకు పోస్తున్నాడు. మళ్ళీ దిగుతున్నాడు.

"ఇట్టా ఎన్నిసార్లు దిగుతావ్ మావా?" అన్నాడు వీర్రాజు.

"దిగడం లెక్క కాదు. ఎక్కడమే," అన్నాడాయన.

దొరువు నీళ్ళు తియ్యగా ఉన్నాయి. శేషయ్య గట్టు మీద నిలబడి ఒక కొత్త చిక్కు లేవదీశాడు. దొరువులోకి దిగినవాడు మళ్ళీ పైకి వస్తే అది ఎక్కడం కిందికి వస్తుందా అని. మాస్టారు ఈల ఒకసారి ఊదారు. బయల్దేరాం.

సూర్యలంక

బాపట్ల నుంచి సముద్రానికి వెళ్ళే దారిలో జీడిమామిడి తోటలు, సరుగుడు తోటలు. తల మీద చేపల గంపలతో ఆడవాళ్ళు ఎదురొస్తున్నారు. పరుగులాంటి నడక. ఇసుక ఎక్కువై సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళాం. హోరు వినపడుతోంది, సముద్రం కనపడటం లేదు. చివరికి దారి ఒక ఇసుక దిబ్బ ముందు ఆగింది. ఒక తాటిచెట్టు ఎత్తున ఉంటుంది. సముద్రం దాని అవతల ఉంది.

అందరూ దిబ్బను చూసి, నన్ను చూశారు.

"ఇది కొండ కాదులే," అన్నాడు వీర్రాజు.

"మరి కరకట్ట కొండ ఎట్టా అయింది?" అన్నాడు సుబ్బారావు. పొద్దుటినుంచి ఆయన ఎదురుచూసిన మాట అది.

నేను కిందే ఉంటానన్నాను. వీర్రాజు, శేషయ్య, సుబ్బారావు సైకిళ్ళు నాకు అప్పగించారు. మాస్టారు మాత్రం తన సైకిలు వదలనన్నారు. దిబ్బ అవతలి వైపు తొక్కుకుంటూ దిగుతానన్నారు. ముగ్గురు కలిసి ఆయన్నీ సైకిలునూ పైకి తోశారు. నేను సరుగుడు నీడలో కూర్చున్నాను. సముద్రం చూడలేదన్న బాధ నాకు లేదు. వదినకిచ్చిన మాట ఉంది, వినడానికి హోరు ఉంది, అది చాలనుకున్నాను.

అప్పుడు ఈల మోగింది. మూడుసార్లు.

నేను పరుగెత్తాను. ఇసుకలో కాలు దిగబడుతుంటే చేతులతో పాకుతూ ఎక్కాను. పైకి చేరేసరికి మాస్టారు శిఖరానికి అవతల వెల్లకిలా పడి ఉన్నారు. ఆయన మీద సైకిలు. ముందు చక్రం ఇసుకలో కూరుకుపోయి వెనక చక్రం గాలికి తిరుగుతోంది. బ్రేకు వెయ్యడం తెలియని మనిషి, కాలు ఆనిద్దామంటే ఇసుక కాలిని మింగేసింది. నీళ్ళ దాకా దిగిన ముగ్గురూ వెనక్కి పరుగెత్తుకొచ్చారు. నలుగురం కలిసి సైకిలు లేపి, తరువాత ఆయన్ని లేపాం. కాలు మడత పడింది, విరగలేదు.

"దెబ్బ తగిలిందాండి?" అన్నాను.

"ఎవడు పడ్డాడు? సముద్రం చూడమని ఊదాను," అన్నారాయన మూతి మీది ఇసుక ఊదుకుంటూ.

అప్పుడు తల ఎత్తి చూశాను. సముద్రం అక్కడ ఉంది. దాన్ని వర్ణించను. చూసినవాళ్ళకు అవసరం లేదు, చూడనివాళ్ళకు నా మాటలు సరిపోవు.

ముందుగా శేషయ్యకు తట్టింది. "నువ్వెందుకొచ్చావయ్యా?" అన్నాడు మెల్లగా.

మాస్టారు ఈల చేతిలోకి తీసుకుని చూసి, చొక్కా లోపల పడేసుకున్నారు. మాట తప్పానని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి వెళ్ళి వదినకు ఏం చెప్పాలో తెలియలేదు.

వాళ్ళు పంచాయితీ పెట్టారు. ఇది దిబ్బ, కొండ కాదు, రాయి ఉంటేనే కొండ అని వీర్రాజు. పైన దేవుడు లేడు కాబట్టి దోషం లేదని శేషయ్య. సరిగ్గా ఆ మాటకే సుబ్బారావు చెయ్యి చూపించాడు. మాకు పది గజాల్లో మూడు రాళ్ళు, పసుపు, కుంకుమ, ఆరిపోయిన దీపం. శేషయ్య నోరు మూతపడింది. నేనతన్ని ఆ స్థితిలో చూడటం అదే మొదలు.

దిబ్బ కిందినుంచి ఒకావిడ ఖాళీ గంపతో ఎక్కి వస్తోంది. "ఏంటయ్యా, అమ్మోరి దగ్గిర గోల?" అంది.

సుబ్బారావు సంగతంతా చెప్పాడు. ఆమె గంప దించి నా వైపు చూసింది.

"ఎవురు పోయారయ్యా?"

"మా అన్న."

"సముద్రంలోనా?"

"కాదమ్మా. జ్వరం వచ్చి. ఇంట్లోనే."

"ఇంట్లోనే పోయాడా," అందామె. "మంచిదే. మనిషి దొరికాడు."

సముద్రం వైపు తిరిగి, "మావోళ్ళు పోతే ఏడాది ఎక్కడ కూచుంటామయ్యా? దినం కాగానే పడవెయ్యాల. ఈ దిబ్బెక్కి చూడకపోతే పడవొచ్చేది ఎట్టా తెలుస్తది?" అంది.

"మరి అమ్మవారు ఇంతెత్తున ఎందుకున్నారమ్మా?" అన్నాడు శేషయ్య ఆశ వదలకుండా.

"మా అత్త కాలంలో కిందే ఉండేదంట. గాలికి ఇసకొచ్చి కప్పెత్తా ఉంటే మేం పైకి తీసుకుంటా వచ్చాం."

శేషయ్యకు ప్రాణం లేచి వచ్చింది. "విన్నారా! అమ్మవారు నేల మీద కాపురముంటే దిబ్బే వచ్చి ఆక్రమించింది. ఆక్రమణదారుకి హక్కుండదు. ఈ స్థలం చట్టప్రకారం చదును!"

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఈయనకి ఎండ తగిలింది, నీడకి తీసుకుపోండి," అని గంప నెత్తిన పెట్టుకుంది.

మళ్ళీ తెనాలి

మాస్టారు తొక్కలేకపోయారు. బాపట్ల దాకా ఆయన్ని చేపల బండి ఎక్కించి, అక్కడినుంచి సాయంత్రం పాసింజరు పట్టుకున్నాం. సైకిళ్ళు గార్డు పెట్టెలో వేశాం. మేమెక్కిన పెట్టెలో మా చుట్టూ ఎవరూ కూర్చోలేదు. చేపల వాసన అంతగా అంటుకుంది. రేపల్లె వెళ్ళి ఉంటే ఇవేవీ జరిగేవి కావని సుబ్బారావు చుండూరు దాకా చెప్పాడు.

తెనాలి స్టేషన్లో దిగాక ఎవరి దారిన వాళ్ళు పోతారనుకున్నాను. పోలేదు. మాస్టారిని ఇంటి దగ్గర దించుదామంటే ఆయన వద్దన్నారు.

"ముందు మీ ఇంటికి పద."

"వదినతో నేను చెప్పుకుంటానండి."

"ఈల ఊదింది నేను. నువ్వేం చెప్తావ్?"

అయిదుగురం మా గుమ్మం ముందుకు చేరాం. మాస్టారు ఒంటికాలి మీద, వీర్రాజు భుజం పట్టుకుని. వీర్రాజు ఒంటి చెప్పుతో. అమ్మ లోపల పడుకుని ఉంది. వదిన లాంతరు పట్టుకుని గడపలోకి వచ్చింది. మమ్మల్ని వరసగా చూసి, లాంతరు కింద పెట్టింది.

"ఏం జరిగింది?"

శేషయ్య గొంతు సవరించుకున్నాడు. రాళ్ళ సంగతి, ఇసుక సంగతి, ఆక్రమణ సంగతి సగం చెప్పాడు. మాస్టారు చెయ్యెత్తి అతన్ని ఆపారు.

"అమ్మా, అబ్బాయి కిందే కూర్చున్నాడు. మాట తప్పలేదు. నేను పడ్డాను. ఈల ఊదాను. పరుగెత్తుకొచ్చాడు. తప్పుంటే నాది."

పడ్డానని ఆయన ఒప్పుకోవడం మేం విన్నది ఆ ఒక్కసారే.

వదిన ఆయన కాలి వైపు చూసింది. వాచి చెప్పులో పట్టడం లేదు.

"మా ఆయన్ని తీసుకెళ్ళినప్పుడు ఎవరూ వచ్చి చెప్పలేదు," అంది. గొంతు పెంచలేదు. "కొండెక్కారని నాకు పక్కింటావిడ చెప్పింది."

మాస్టారు తల దించుకున్నారు.

"ఇవాళ వచ్చారు," అంది వదిన. "అరుగు మీద కూర్చోండి. కాలికి ఉప్పు కాపడం పెడతాను. మజ్జిగ తాగి వెళుదురుగాని."

కూర్చున్నారు. సుబ్బారావు రెండోసారి మజ్జిగ అడిగాడు, ఆమె మూడోసారి కూడా పోసింది. అది కొండో దిబ్బో ఆమె తేల్చలేదు, ఎవరూ తేల్చమని అడగలేదు. ఆ మిగిలిన ఏడాదిలో నాకు ఒక జలుబు తప్ప ఏ జబ్బూ రాలేదు. ఆ జలుబు రోజుల్లో మాత్రం వదిన సరిగ్గా నిద్రపోలేదు, నలుగురూ వంతులవారీగా వచ్చి అరుగు మీద కూర్చుని నేను తుమ్మడం విని వెళ్ళారు.

తరువాత స్కూటర్లు వచ్చాయి, క్లబ్బు పోయింది. ఇప్పుడు తోడు వెళ్ళినవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, జరిగింది ఇంట్లోవాళ్ళకు చెప్పి వెళ్ళడం లేదు.